అడవి వార్తకు అండ ఏది?

నల్లమల అంచున నిలబడి రాసే విలేకరికి చట్టం ఎంతదాకా తోడొస్తుంది?

మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం రోడ్డు మీద పగటిపూట పోతున్నంతసేపు అచ్చంపేట విలేకరిని ఆపేవాళ్లు లేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరెవరు అడుగుపెట్టొచ్చో చెబుతూ, రహదారి మీద సాగిపోయేవాళ్లను వదిలిపెట్టింది. బండి పక్కన ఆపి చెట్లలోకి నాలుగడుగులు వేస్తే లెక్క మారిపోతుంది. అప్పుడు 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. ఏయే పనులకు అనుమతి ఇవ్వొచ్చో కూడా ఆ సెక్షనే చెప్పింది. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవాళ్లతో చట్టబద్ధమైన పని. 2022 సవరణలో ఫొటోగ్రఫీ పక్కన సినిమా తీయడం కూడా చేరింది. వార్త రాయడం ఆ జాబితాలో లేదు.

పులిని చూడటానికి ఫర్హాబాద్‌లో సఫారీ టికెట్టు దొరుకుతుంది. పులి తిరిగేచోట బోరు ఎవరు వేస్తున్నారో చూడటానికి మాత్రం టికెట్టు లేదు.

పర్యావరణ జర్నలిస్టుల రక్షణ అనగానే మనకు హత్యలు, దాడులు గుర్తొస్తాయి. అవి చిన్న విషయాలేం కావు, వాటి దగ్గరికీ వద్దాం. కానీ అడవిలోకి వెళ్లడం, కాగితం చూడటం, మనిషితో మాట్లాడటం, మాట్లాడిన మనిషి పేరు దాచడం, రాశాక వచ్చే నోటీసుకు జవాబివ్వడం, వీటిలో ఏ మెట్టు దగ్గర మన చట్టం విలేకరి పక్కన నిలబడుతుందో వెతికితే అసలు సంగతి తెలుస్తుంది. వెతకడానికి అమ్రాబాద్ గుట్టల కంటే మంచి చోటు లేదు.

2019లో ఏం జరిగింది

ఆ ఏడాది మే 22న ఢిల్లీలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అటవీ సలహా కమిటీ సమావేశమైంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం సర్వే, అన్వేషణ చేస్తామంటూ అణు ఖనిజాల సంచాలకత్వం పెట్టుకున్న ప్రతిపాదన దాని ముందుకొచ్చింది. ఇక్కడివాళ్లు ఆ సంస్థను ఏఎండీ అంటారు. ప్రతిపాదనలో ఉండాల్సిన కాగితాలన్నీ లేవు. ఆ మాట కమిటీకీ తెలుసు. అయినా దేశ అవసరం దృష్ట్యా సూత్రప్రాయంగా ఒప్పుకుని, పత్రాలు తర్వాత నిర్ణీత నమూనాలో ఇవ్వమంది.

ఇందులో ఏదీ రహస్యంగా బయటికి పొక్కలేదు. కమిటీ మినిట్స్ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చదివినవాళ్లు రాశారు. ఆ వార్త గుట్ట మీదికి ఎక్కేసరికి సుమారు 4,000 బోర్లు అన్న అంకె కూడా తోడైంది. బోరంటే ఏమిటో నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పొలంలో ఒక్క బోరు ఎండిపోతే కుటుంబం అప్పుల్లో మునిగే నేల ఇది. పులులు, చెంచులు, కృష్ణమ్మ అన్నీ ఒక ఎత్తు, ఆ అంకె ఒక ఎత్తు.

అమ్రాబాద్, పదర మండలాల్లో సమావేశాలు, బంద్‌లు, రాస్తారోకోలు జరిగాయి. సెప్టెంబరులో నల్లమలకు బయల్దేరిన తెలంగాణ జన సమితి నాయకుడు ప్రొఫెసర్ కోదండరాంను పోలీసులు దారిలోనే అదుపులోకి తీసుకున్నారు. 'సేవ్ నల్లమల' అంటూ సినిమావాళ్లు గొంతు కలిపారు. సెప్టెంబరు 16న శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రవేశపెట్టింది మంత్రి కేటీఆర్. పార్టీలన్నీ ఆ గెలుపును పంచుకున్నాయి. జిల్లా పేజీల్లో రోజూ ఆ వార్తను నిలబెట్టినవాళ్ల పేర్లు ఎక్కడా వినపడలేదు, అది వాళ్ల వృత్తిలో మామూలే.

ఆ నాలుగైదు నెలలూ వాళ్లను కాపాడింది ఏ చట్టమూ కాదని నా అభిప్రాయం. ఊరంతా ఒకే వైపు ఉంది. చెంచుల గూడేలైన పెంటల నుంచి ప్రజాప్రతినిధి ఇంటిదాకా ఎవరూ యురేనియం కావాలనలేదు. అలాంటప్పుడు రాయడానికి పెద్ద తెగువ అక్కర్లేదు. దుందుభి వాగులో ఇసుక గురించి రాయడం వేరు. అక్కడ ట్రాక్టరున్నవాడు పక్కింటివాడే, దాని వెనక ఉన్నవాడు మొన్న ఎన్నికల్లో గెలిచినవాడో ఓడినవాడో అయ్యుంటాడు, పట్టుకోవాల్సినవాడు పొద్దున టీ కొట్టు దగ్గర కనిపించేవాడే. యురేనియం ప్రత్యర్థి ఢిల్లీలో ఉంటాడు. ఇసుక ప్రత్యర్థికి మీ పిల్లలు ఏ బడికి పోతారో తెలుసు.

లంబాపూర్ వదిలివెళ్లిన రికార్డు

నల్లమల కంటే ముందు నల్లగొండ ఈ పాఠం చదివింది. నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టుల్లో యురేనియం గనులు తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ముందుకొస్తే, 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. శుద్ధి కర్మాగారం దేవరకొండ వైపు శేరిపల్లిలో పెడతామంటే 2005లో అక్కడా జరిగింది. జనం వద్దన్నారు. ప్రొఫెసర్ కె.పురుషోత్తంరెడ్డి లాంటివాళ్లు యురేనియం వ్యతిరేక ఉద్యమాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లారు. యురేనియం కార్పొరేషన్ కడప జిల్లా తుమ్మలపల్లెకు వెళ్లింది. 2007లో అక్కడ శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత అక్కడి కె.కె.కొట్టాల రైతులు వ్యర్థాల చెరువు గురించీ తమ బోరు నీళ్ల గురించీ చెప్పుకున్నవే 2019లో అమ్రాబాద్ సభల్లో ఉదాహరణలయ్యాయి.

ప్రజాభిప్రాయ సేకరణను చాలామంది తంతు అని కొట్టిపారేస్తారు. షామియానా, పోలీసులు, ముందే రాసి తెచ్చుకున్న మద్దతు ప్రసంగాలు, అవును, తంతే. కానీ విలేకరి వైపు నుంచి చూడండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఒక జాతీయ పత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన వేయాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి, సభంతా వీడియో తీయాలి. విలేకరికి ఇంతకంటే గట్టి కవచం మన చట్టాల్లో ఎక్కడా లేదు. అక్కడ రైతు అన్నమాట రాయడానికి ఎవరి అనుమతీ వద్దు. రేపు పరువునష్టం నోటీసు వస్తే ప్రభుత్వం తీసిన వీడియోయే సాక్ష్యం. ఆ నోటిఫికేషన్‌లో జర్నలిస్టు రక్షణ అన్న మాట ఒక్కచోట కూడా ఉండదు. అయినా పని చేసింది.

2025 సెప్టెంబరు 8న పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఆఫీస్ మెమొరాండంతో అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనుల ప్రాజెక్టులకు ఈ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. యురేనియం అందులోకే వస్తుంది. పార్లమెంటులో చర్చ లేదు, చట్టసవరణ లేదు, ఒక కాగితం చాలింది. పత్రికల్లో దీన్ని గనుల వార్తగా రాశారు. నిజానికి అది పత్రికల వార్త కూడా.

దీనికితోడు అణుశక్తి చుట్టూ ఎప్పటినుంచో ఒక గోడ ఉంది. ఏ సమాచారం వెల్లడించకూడదో నిర్ణయించే అధికారాన్ని 1962 అణుశక్తి చట్టంలోని 18వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో 'శాంతి' పేరుతో కొత్తది తెచ్చింది. అణు రంగంలోకి ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది, సమాచారాన్ని గోప్యమని ప్రకటించే అధికారాన్ని మాత్రం చేతిలోనే ఉంచుకుంది. సమాచార హక్కు చట్టంలోనూ 8(1)(ఏ) కింద దేశ భద్రత, వ్యూహాత్మక ప్రయోజనాల మినహాయింపు ఉండనే ఉంది. అణుబాంబు తయారీ దాచాల్సిందే, కాదనేవాళ్లెవరు? కానీ పదర దగ్గర బోరు ఎంత లోతు వేస్తారు, అది ఏ నీటిపొరను దాటుతుంది, పని అయ్యాక ఎలా పూడుస్తారు అన్నవి బాంబు రహస్యాలు కావు. వాటిని అడిగినవాడికి అదే గోడ అడ్డమొస్తుంది.

ఎవరీ విలేకరి?

హైదరాబాద్‌లో కూర్చుని పర్యావరణ జర్నలిస్టు అనే మాట వాడటం తేలిక. అచ్చంపేటలో ఆ పేరుతో ఎవరూ ఉండరు. ఉన్నది విలేకరి. ఉదయం మార్కెట్ యార్డులో పత్తి ధర, పదింటికి ఎంపీడీవో ఆఫీసులో సమావేశం, మధ్యాహ్నం ఉమామహేశ్వరం జాతర ఏర్పాట్లు, సాయంత్రం రోడ్డు ప్రమాదం. వీటి మధ్యలో ఎక్కడో అడవి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిదిమంది చిక్కుకున్నప్పుడు దేశంలోని టీవీలన్నీ ఈ రోడ్డు మీదికే వచ్చాయి. కెమెరాలు వెళ్లిపోయాక మిగిలిన ప్రశ్నలన్నీ మళ్లీ ఇతని నెత్తినే పడ్డాయి.

ఇతనికి జీతం ఉండదు. పేపర్లో అచ్చయిన వార్త కొలతను బట్టి వచ్చే 'లైన్ అకౌంట్' ఉంటుంది. పెట్రోలు ఖర్చుకు కూడా అది చాలదు. అందుకని ఎరువుల దుకాణమో బీమా ఏజెన్సీయో ప్రైవేటు బడిలో పాఠాలో పక్కన నడవాలి. అసలు ఆదాయం ప్రకటనల కమీషన్. ఆగస్టు 15, జనవరి 26, దసరా, ఎమ్మెల్యే పుట్టినరోజు. ప్రకటనలు ఇచ్చేదెవరు? కాంట్రాక్టరు, క్వారీ యజమాని, రైసుమిల్లు యజమాని, రియల్ ఎస్టేట్ వెంచరు. ఈ నలుగురినీ పక్కనపెట్టి అచ్చంపేట పరిసరాల్లో పర్యావరణ వార్త రాయాలంటే ఎండలు ఎక్కువగా ఉన్నాయని రాయాలి. ఎవరూ ఇతన్ని బెదిరించనక్కర్లేదు. ఈసారి ప్రకటన లేదులే అన్నా అంటే సరిపోతుంది. ఏ రక్షణ చట్టమూ ఈ ఒక్క వాక్యం నుంచి కాపాడలేదు.

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం జర్నలిజమే ప్రధాన వృత్తిగా ఉన్నవాళ్లను జర్నలిస్టులంది. ఎరువుల దుకాణం ప్రధాన వృత్తా, వార్త ప్రధాన వృత్తా అని ఎవరైనా అడిగితే మండల విలేకరి ఏం చెబుతాడు? నియామక పత్రం చూపించమంటే ఏం చూపిస్తాడు? ఆ చట్టాన్ని కూడా 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో కలిపేశారు. పత్రికా ఉద్యోగుల జీతాలపై మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు సంబరపడినవాళ్లు డెస్కుల్లో ఉన్నారు, మండలాల్లో కాదు.

చేతిలో ఉన్నది ఒక్క అక్రెడిటేషన్ కార్డు, అదీ ఉంటే. బస్సులో రాయితీ, ఆఫీసులో కుర్చీ, పోలీసు ఆపినప్పుడు చూపించడానికి ఒక ముక్క. తెలంగాణ మీడియా అకాడమీ సంక్షేమ నిధి నుంచి చనిపోయిన జర్నలిస్టు కుటుంబానికి లక్ష రూపాయలు, ఐదేళ్లపాటు నెలకు 3,000 పింఛను ఇస్తారు. మంచి పథకమే. బతికున్నప్పుడు ఇసుక లారీ ముందు నిలబడిన రోజున అది పనికిరాదు.

ఎవరు జర్నలిస్టు అన్న ప్రశ్న కాగితాల మీద చర్చ కాదు. 2015 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో జగేంద్ర సింగ్ కాలిన గాయాలతో చనిపోయాడు. అక్రమ ఇసుక తవ్వకాల గురించీ ఒక మంత్రి గురించీ రాస్తుండేవాడు. రాసింది ఫేస్‌బుక్ పేజీలో. అతను అసలు పాత్రికేయుడేనా అన్న తర్కం చావు తర్వాత కూడా నడిచింది. ఆ నెలలోనే మధ్యప్రదేశ్‌కు చెందిన సందీప్ కొఠారి, 2018లో అదే రాష్ట్రంలోని భిండ్‌లో లారీ చక్రాల కింద సందీప్ శర్మ. ముగ్గురూ ఇసుక మీద రాసినవాళ్లే. ఒక్కరూ రాజధాని విలేకరి కారు.

దెబ్బ పడ్డాక వచ్చే చట్టాలు

జర్నలిస్టులపై దాడులకు విడిగా చట్టం చేసిన మొదటి రాష్ట్రం మహారాష్ట్ర. 2017లో శాసనసభ ఆమోదించింది. దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50,000 దాకా జరిమానా, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు. చదవడానికి బాగుంటుంది. 2023 ఫిబ్రవరి 6న రత్నగిరి జిల్లాలో శశికాంత్ వారిశే రాసిన వార్త అచ్చయింది. బార్సు రిఫైనరీకి భూములు, దాని వెనక ఒక భూదళారీ కథ. ఆ రోజే అతని స్కూటర్ను ఒక జీపు గుద్దింది. మర్నాడు చనిపోయాడు. పట్టుబడింది వార్తలో ఉన్న ఆ దళారే. చట్టం పుస్తకంలోనే ఉంది.

ఛత్తీస్‌గఢ్ 2023 మార్చిలో ఇలాంటి బిల్లే ఆమోదించింది. మనకు గోదావరి అవతలే ఉన్న బీజాపూర్‌లో యూట్యూబ్ చానల్ నడిపే ముకేశ్ చంద్రాకర్ ఒక రోడ్డు పనిలో అవినీతి గురించి వార్త చేశాడు. 2025 జనవరి 3న ఒక సెప్టిక్ ట్యాంకులో అతని శవం దొరికింది. ప్రధాన నిందితుడైన కాంట్రాక్టరును పోలీసులు హైదరాబాద్‌లో పట్టుకున్నారు.

తెలంగాణలో అలాంటి చట్టం లేదు. కావాలని జర్నలిస్టు సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. రావాలనే నేనూ అంటాను, ఒక్క కారణంతో. డీఎస్పీ స్థాయి దర్యాప్తు అన్న నిబంధన ఉంటే స్థానిక ఠాణాలో రాజీ చేసుకోమనే మాట కొంత తగ్గుతుంది. అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోను. హత్య ఎప్పటినుంచో నేరమే, చంపేవాడు సెక్షన్లు చదివి రాడు.

ఐక్యరాజ్య సమితి విద్యా, వైజ్ఞానిక, సాంస్కృతిక సంస్థ యునెస్కో 2024 మే 3న, ప్రపంచ పత్రికా స్వేచ్ఛా దినాన బయటపెట్టిన నివేదిక చూస్తే శిక్షల సంగతి అర్థమవుతుంది. 15 ఏళ్లలో ప్రపంచవ్యాప్తంగా పర్యావరణ వార్తలు రాసే జర్నలిస్టులు 44 మంది హతమయ్యారు. శిక్ష పడింది అయిదు కేసుల్లో. 129 దేశాల్లో 905 మందిని అడిగితే, బెదిరింపో ఒత్తిడో దాడో ఎదుర్కొన్నామన్నవాళ్లు 70 శాతం. లాటిన్ అమెరికా దేశాలు కొన్ని ఎస్కాజు ఒప్పందంలో పర్యావరణం కోసం నిలబడేవాళ్ల రక్షణను ప్రభుత్వాల బాధ్యతగా రాసుకున్నాయి. అది 2021 ఏప్రిల్ 22 నుంచి అమల్లో ఉంది. మన దేశానికి అలాంటి ఒప్పందమేదీ లేదు. 1992లో రియోలో, పర్యావరణ సమాచారం పౌరుడికి అందాలన్న పదో సూత్రానికి తలూపి వచ్చాం.

మన దగ్గర దెబ్బ ఎక్కువగా కర్రతో పడదు, కాగితంతో పడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో వచ్చిన జీవో 938, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 30న వచ్చిన జీవో 2430 రెండింటి సారం ఒకటే. నిరాధార వార్తలపై ప్రభుత్వ శాఖలే పత్రికల మీద కేసులకు వెళ్లే వీలు. మొదటిది గొడవ తర్వాత పక్కనపెట్టారు, రెండోదాన్ని ప్రెస్ కౌన్సిల్ తనంతట తానుగా విచారణకు తీసుకుంది. వాగు కబ్జా మీద వార్త రాస్తే, కబ్జాదారుడు కాక సాగునీటి శాఖే ఫిర్యాదుదారుగా వచ్చే ఏర్పాటన్నమాట. పార్టీలు వేరు, జీవోల అంతరార్థం వేరు కాదు.

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి భూముల్లో చెట్లు కొడుతున్నప్పుడు సుప్రీంకోర్టు 3వ తేదీన పనులు ఆపించింది. అదే రోజుల్లో కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు పంచారంటూ హైదరాబాద్ పరిధిలో పోలీసులు కేసులు పెట్టి నోటీసులు పంపారు. నకిలీ బొమ్మలు తిరిగిన మాట నిజమే. పారిపోతున్న జింకల బొమ్మ ఒకటి చాలామంది ఫోన్లలోకి వెళ్లింది, అది ఉద్యమానికీ మేలు చేయలేదు. కానీ నోటీసు అనేది నకిలీ బొమ్మ చేసినవాడి దగ్గరే ఆగదు. నిజం ఫొటో తీసినవాడు కూడా తర్వాతిసారి వేలు వెనక్కి తీసుకుంటాడు.

ఏడేళ్లలోపు శిక్షపడే నేరాలకు ఆలోచించకుండా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు కొత్త నేర ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద ఇచ్చే నోటీసు దాని రూపమే. పరువునష్టానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. అంటే రాసినందుకు జైలుకు వెళ్లడం అరుదు. వాయిదాలకు తిరగడం మాత్రం తప్పదు. వకీలు ఫీజు, బస్సు చార్జీ, మూసిన దుకాణం. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు, నోరు మూయించడానికే వేసే దావాలున్నాయని గుర్తించి, విచారణకు ముందే ప్రచురణ ఆపే ఉత్తర్వులు ఎడాపెడా ఇవ్వొద్దని కింది కోర్టులకు చెప్పింది. ఆ తీర్పు ప్రతి అచ్చంపేట వకీలు బల్ల మీదికి చేరడానికి ఎంతకాలం పడుతుందో చూడాలి.

చెప్పినవాడి సంగతి

విలేకరికైనా కార్డు ఉంది, చెప్పినవాడికి అదీ లేదు. అమ్రాబాద్ అడవిలో ఏం జరుగుతోందో అందరికంటే ముందు తెలిసేది చెంచులకు. వాళ్లలో చాలామంది అటవీ శాఖలోనే వాచర్లుగా, పులుల జాడ తీసేవాళ్లుగా పనిచేస్తున్నారు. కలప పోయినా, బోరుబండి వచ్చినా వాళ్ల కళ్లముందే. చెప్పారని తెలిస్తే పోయేది ఆ చిన్న కొలువే. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) ప్రకారం వార్త ఎవరు చెప్పారో చెప్పమని కౌన్సిల్ విలేకరిని బలవంతపెట్టకూడదు. కౌన్సిల్ ముందు మాత్రమే సుమా. పోలీసు ముందు, కోర్టు ముందు ఆ రక్షణ లేదు. కోర్టుల్లోనూ ఉండాలని 1983లో లా కమిషన్ తన 93వ నివేదికలో చెప్పింది. సాక్ష్య చట్టాన్ని 2023లో మొత్తం తిరగరాశారు, ఆ సిఫార్సు అందులోకి రాలేదు. తప్పును బయటపెట్టేవాళ్ల కోసం 2014లో ఒక చట్టం చేశారు, అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఇంతవరకు రాలేదు.

ఇప్పుడు అడవి లోపల నడుస్తున్న పెద్ద కథ యురేనియం కాదు, ఊళ్ల తరలింపు. సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊళ్లను బయటికి తేవాలన్న ప్రతిపాదనలు, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఇష్టపూర్వకంగా, విషయం తెలిసి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నిజంగా ఒప్పుకున్నారా, డబ్బు ఎవరికి అందింది, జాబితాలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు? ఇదివరకు సమాచార హక్కు కింద లబ్ధిదారుల జాబితా అడిగితే, ప్రజాప్రయోజనం ఉందని వాదించే దారి 8(1)(జే)లోనే ఉండేది. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం తెచ్చిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చాక, వ్యక్తిగత సమాచారం అంటే చాలు, తలుపు మూసుకోవచ్చు. 8(2) కింద ప్రజాప్రయోజనం అని వాదించుకునే కిటికీ ఒకటి మిగిలింది. అప్పీళ్ల దాకా వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకే అది.

అన్నీ చీకటేం కాదు. 2021 అక్టోబరులో అంకితా సిన్హా కేసులో సుప్రీంకోర్టు, ఫిర్యాదుదారు లేకపోయినా జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా విచారణ చేపట్టవచ్చని తేల్చింది. పత్రికలో వచ్చిన వార్తే పిటిషన్ అవుతుంది. జిల్లా పేజీలో వచ్చిన పది వాక్యాలు చెన్నై బెంచి ముందు కలెక్టరును నిలబెట్టగలవు. వార్తకు ఇంత బలమిచ్చిన వ్యవస్థ రాసినవాడి గురించి ఒక్క మాట అనుకోలేదు.

కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండా రేపే చేయగలిగినవి ఉన్నాయి. వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్‌లో లోపల నివసించేవాళ్లతో చట్టబద్ధమైన పని అన్న మాట ఉందని మొదట్లోనే అనుకున్నాం. అప్పాపూర్ పెంటలో ఉండే మనిషిని కలిసి మాట్లాడటం చట్టబద్ధమైన పని కాదా? విలేకరులకు ఈ కారణంతో, ఇన్ని రోజుల్లోగా అనుమతి ఇవ్వాలని, ఇవ్వకపోతే కారణం రాయాలని రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. పులికి ఇబ్బంది లేని వేళలు, దారులు ఏవో కూడా అందులోనే చెప్పొచ్చు. విలేకరులు అడవిలో గుంపులుగా తిరగాలని ఎవరూ కోరడం లేదు. న్యాయసేవల సంస్థల చట్టం ఉచిత వకీలును దళితులు, గిరిజనులు, మహిళలతోపాటు ఆదాయ పరిమితి లోపలున్న ప్రతివాళ్లకూ ఇస్తుంది. లైన్ అకౌంటు మీద బతికేవాడు జర్నలిస్టుగా కాకపోయినా పేదవాడిగా దానికి అర్హుడే. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. సాక్షుల రక్షణకు 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం ఉంది, బీఎన్‌ఎస్‌ఎస్ 398 ప్రకారం ప్రతి రాష్ట్రమూ అలాంటిది నోటిఫై చేయాలి. ఇసుక కేసులో సాక్షి అయిన వాచరుకూ విలేకరికీ అది వర్తించేలా అడగొచ్చు.

ప్రభుత్వాన్ని అడిగేవాళ్లం పత్రికలను కూడా అడగాలి. హెడ్డింగ్ డెస్కు పెడుతుంది, పేజీ డెస్కు కడుతుంది, లాభం యాజమాన్యం చూసుకుంటుంది. నోటీసు వచ్చిన రోజున అతను మా ఉద్యోగి కాడు అన్న జవాబు వెళ్లకుండా ఉండాలంటే, ప్రతి మండల విలేకరి దగ్గరా సంస్థ సంతకంతో ఒక కాగితం, దావా ఖర్చు మాదే అన్న ఒక వాక్యం ఉండాలి. వార్త రాసేవాడి మెడకు ప్రకటనల టార్గెట్ కట్టకూడదు. ఇది చెప్పినప్పుడల్లా ప్రింట్ మీడియా కష్టాల గురించి ఒక ఉపన్యాసం వినాల్సొస్తుంది. కష్టాలు నిజమే. వాటి భారం ఎప్పుడూ కిందివాడి మీదే ఎందుకు పడుతుందో ఆ ఉపన్యాసంలో ఉండదు.

2019 శాసనసభ తీర్మానం కేంద్రానికి చేసిన విజ్ఞప్తి. దానికి కట్టుబడాల్సిన పని కేంద్రానికి లేదు, రాజ్యాంగం ప్రకారం అణు ఖనిజాలు కేంద్ర జాబితాలోనివి. యురేనియం నల్లమల కింద ఇంకా ఉంది. మళ్లీ ఫైలు కదిలి గనిదాకా వస్తే శేరిపల్లిలో జరిగినట్టు షామియానా వేయరు, తెలుగు పత్రికలో ప్రకటన రాదు. ముందుగా కనిపించేది మళ్లీ అటవీ సలహా కమిటీ మినిట్స్‌లోనే, ఇంగ్లిషులో, పదుల పేజీల మధ్య ఒక అంశంగా. వాటిని నెలనెలా తెరిచి అమ్రాబాద్ పేరు ఉందేమోనని చూసే మనిషి ఇక్కడ ఒకరుండాలి. ఆ పనికి జీతమిచ్చే పత్రిక నాకింకా కనిపించలేదు.